వానపేజీ

భూతద్దం పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో వానపుస్తకం చదువుతూ, ఆ పుస్తకానికే నిప్పంటించుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆయన పేరు శ్రీరంగప్ప. బెళుగుప్పకు పడమరగా, ఎర్రమట్టి చేల నడుమ ఉన్న ఓ చిన్న ఊళ్ళో ఆయనది చిల్లరంగడి. ఉప్పు, బెల్లం, బీడీకట్టలు, గొర్రెల మెడకు కట్టే గంటలు అన్నీ అమ్ముతాడు, అడిగితే తలనొప్పి మాత్ర కూడా ఇస్తాడు. ఊరందరికీ ఆయన శెట్టన్న. మనిషిని చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు. గొంతు విప్పాడంటే మాత్రం గట్టు అవతల మేసే గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి.

నిప్పు సంగతి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఊరూ నవ్వింది. పోయిన ఏడు చూపు బొత్తిగా ఆనడం లేదని ఒక భూతద్దం కొనుక్కొచ్చి చదవడానికి కూర్చున్నాడు. పైన సూర్యుడు, మధ్యలో అద్దం, కింద తాతలనాటి కాగితం. ఒక వాక్యం దగ్గర తడబడి, అద్దాన్ని అక్కడే ఉంచి కళ్ళు చికిలిస్తుంటే అక్షరాల మధ్య నుంచి సన్నగా పొగ లేచింది. "శెట్టన్నా, కాలతాంది, కాలతాంది!" అని గొర్రెలు కాచుకునే అక్కమ్మ అరిచి, చేతిలో ఉన్న చెంబెడు నీళ్ళూ కుమ్మరించింది. పేజీలో రూపాయి బిళ్ళంత చిల్లి పడింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. శ్రీరంగప్ప కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఇంటికొచ్చి తలుపు దగ్గరకేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎందుకేడ్చాడో తెలియాలంటే ఆ పుస్తకం సంగతి తెలియాలి. దానికి పేరు లేదు. అట్టా, మొదటి పేజీలూ శ్రీరంగప్ప తాత కాలానికే పోయాయి. ఎవరు రాశారో, ఏ ఊళ్ళో అచ్చేశారో చెప్పే దిక్కు లేదు. ఊళ్ళో దాన్ని వానపుస్తకం అంటారు, అంతే. అందులో ఒకటే కథ. ఒక ఊరి మీద గంగమ్మ అలిగి వెళ్ళిపోతుంది. గొర్రెలు కాచుకునే ఒక ఆడమనిషి ఖాళీ కడవ నెత్తిన పెట్టుకుని, కొండా గుట్టా పట్టుకుని వెతుక్కుంటూ పోతుంది. చివరికి గంగమ్మ ఎదురుపడితే బతిమాలుతుంది, కాళ్ళు పట్టుకుంటుంది, దానికీ వినకపోతే నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆ తిట్లకు గంగమ్మకు నవ్వొచ్చి, ఆ నవ్వులోనే కరిగి, వానై కురుస్తుంది.

ఆషాఢం సగమైనా చినుకు రాలకపోతే, ఇళ్ళల్లో విత్తనపు వేరుశనగ మూటలు కట్టినవి కట్టినట్టే ఉండిపోతే, ఊరివాళ్ళు శ్రీరంగప్ప అంగడి ముందుకొచ్చి నిలబడతారు. ఇక చదవక తప్పదు. దానికి పద్ధతులున్నాయి. నీడలో చదవకూడదు, ఆకాశం కింద చదవాలి. ఎంత నోటికి వచ్చినా చూడకుండా చదవకూడదు. మూడు మధ్యాహ్నాలు చదవాలి. మూడోనాడు చివర్లో గంగమ్మ కరిగే చోటు వస్తుంది. దాన్నే వానపేజీ అంటారు. అక్కడ చదువు ఆపాలి. ఊరి పెద్ద ముత్తైదువ వచ్చి పేజీకి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండతో నీళ్ళు చిలకరిస్తుంది. అప్పుడు చదవాలి. చదవడం అయ్యీ కాకముందే తప్పెట మోగుతుంది, చెంబుల్లో నీళ్ళు ఒకరి మీద ఒకరు గుమ్మరించుకుంటారు, చదివినవాణ్ణి నిలువునా తడిపేస్తారు. ఆ వానపేజీని ఇంట్లో కూర్చుని ఊరికే చదవకూడదు, ఊరికే తెరవను కూడా తెరవకూడదు. శ్రీరంగప్ప తాత ఆ మాట తప్పలేదు, నాయన తప్పలేదు, శ్రీరంగప్పా తప్పలేదు.

ఆ ఊళ్ళో శ్రీరంగప్పకు ఎకరాలు లేవు. మేడలు లేవు. ఏ పంచాయితీలోనూ ఆయన మాట చెల్లదు. బాకీ అడిగితే మొహం చాటేసేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆ మూడు మధ్యాహ్నాలు ఊరంతా ఆయన నోటి వైపే చూస్తుంది. అది పోతే తనకింకేం మిగులుతుంది? ఒక కంటికి ఆపరేషన్ చేశారు. రెండో కంట్లో నరం ఎండిపోయిందన్నారు డాక్టర్లు. ఆ చిన్నచిన్న పాత అచ్చు అక్షరాలు చీమల్లా అలుక్కుపోతున్నాయి. వేరేవాళ్ళతో చదివిద్దామంటే ఊళ్ళో కుర్రకారు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. వచ్చే ఏడు ఏం చేయాలి అన్న దిగులు అప్పటినుంచీ ఆయన్ని పట్టుకుంది.

ఆ దిగులు చూడలేక కూతురు కల్పన ఒకటి కొనుక్కొచ్చింది. కల్పన అనంతపురంలో ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తుంది. పండ్లు తెచ్చిందేమో అనుకుని శ్రీరంగప్ప భార్య వరలక్ష్మమ్మ సంచీ తీసి చూస్తే, అందులో నల్లటి పలక ఉంది.

"ఏందిమ్మా ఇది, బలపం యాడ?" అన్నాడు శ్రీరంగప్ప.

"దీన్ని ఈ-రీడర్ అంటారు నాయనా. పుస్తకాలు చదువుకునేది. అక్షరం ఎంత పెద్దది కావాలంటే అంత చేసుకోవచ్చు."

"ఫోన్లో సూపిస్తివి కదమ్మా మొన్న. ఎండలోకి పోతే నా మొకం తప్ప ఏం కనపడకపాయ."

"ఇది ఫోను మాదిరి కాదు నాయనా. ఎండలో ఇంకా బాగా కనపడతాది. పట్టుకొని బయటికి రా."

బయటికి పోయి చూశాడు. నిజమే. ఎర్రటి ఎండలో, అంగడి మెట్ల మీద, కాగితం మీద అచ్చేసినట్టు అక్షరాలు నల్లగా నిలబడి ఉన్నాయి. ఒక్కో అక్షరం చింతగింజంత. అందులో ఏదో పాత పిల్లల కథ ఉంటే మొదటి వాక్యం చదివాడు, రెండోది చదివాడు, ఆగకుండా పేజీ మొత్తం చదివేశాడు. కళ్ళలో నీళ్ళు కారలేదు, తలనొప్పి రాలేదు. ఎన్నేళ్ళయిందో అలా చదివి.

అయినా బింకం ఎక్కడికి పోతుంది? "అచ్చుపుస్తకం ఇడిసిపెట్టి పలక పట్టుకొని కూచుంటే ఊరు నవ్వదా?" అన్నాడు.

"కాగితం కాల్చుకుంటే నవ్వల్యా?" అంది వరలక్ష్మమ్మ లోపలినుంచి.

పలకలో ఏవేవో పుస్తకాలున్నాయి గానీ పేరే లేని వానపుస్తకం ఎందుకుంటుంది? దాన్ని ఫోటోలు తీసి ఎక్కించాలి, బెళుగుప్పలో ఇర్ఫానా చేస్తుంది అని చెప్పి కల్పన మర్నాడు పొద్దున బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇర్ఫానా నబీ రసూల్ కూతురు. నబీ రసూల్, శ్రీరంగప్ప ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఆ పిల్ల బస్టాండు ఎదురుగా జిరాక్సు అంగడి పెట్టుకుంది. ఆధార్ కార్డుల నుంచి పెండ్లి పత్రికల దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. శ్రీరంగప్ప పట్టుగుడ్డలో చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టగానే ఇర్ఫానా లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది. చున్నీ తల మీదికి లాక్కుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద పుస్తకం పెట్టింది. ఆ మర్యాద చూసి శ్రీరంగప్ప మనసు చల్లబడింది.

"అమ్మా, ఇది మా తాతలనాటిది. గట్టిగా లాగాకు. లాగితే చేతికొస్తాది."

"నాకు తెల్దా మామా? పసిబిడ్డను పట్టుకున్నట్ల పట్టుకుంటా."

"ఇంగోమాట. చివర్లో పసుపు పూసిన పేజీ వస్తాది. అది వానపేజీ. దాన్ని ఊరికే తెరవగూడదు, చదవగూడదు. ఫోటో దియ్యి గానీ చదవాకు."

"నేను చదివేదేముంది మామా, ఈడ ఊపిరాడే తీరిక ల్యా" అని నవ్వింది ఇర్ఫానా.

సాయంత్రం దాకా కూర్చుని తీసింది. ఒక్కో పేజీనీ పైసగం, కింది సగంగా విడదీసింది. అక్షరాలు పెద్దవి చేసింది, మరకలు తుడిచింది. భూతద్దం చిల్లి దగ్గర మాత్రం ఏం చేయలేక "ఇదేంది మామా, ఎలకనా?" అని అడిగింది. శ్రీరంగప్ప అవునన్నాడు. ఎలక మీదికి నెట్టేసినందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

ఇక చూడాలి ఆయన సంబరం! అంగడికి బేరాలొస్తే వరలక్ష్మమ్మే చూసుకోవాలి. ఆయన మెట్ల మీద కూర్చుని పలక నొక్కుకుంటూ ఉంటాడు. "కొత్తపెండ్లికొడుకు పెండ్లికూతురి చెయ్యి ఇడిసిపెట్టినా ఈయన దాన్ని ఇడిసిపెట్టడు" అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కాసేపు ముట్టుకోకపోతే పలక నిద్రపోతుంది, తెర మీద ఏదో బొమ్మ వస్తుంది. ముట్టుకుంటే మళ్ళీ లేస్తుంది. మొదట్లో అది ఆగిపోయిందేమోనని గాబరా పడ్డాడు. తర్వాత అలవాటైంది. కానీ ఒక్కటి మాత్రం అలవాటు కాలేదు. పుస్తకమైతే ఎంత చదివామో ఎడమచేతికి తెలుస్తుంది, ఎంత మిగిలిందో కుడిచేతికి తెలుస్తుంది. దీన్ని పట్టుకుంటే మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా ఒకటే బరువు.

కథ మొత్తం చదువుకుని చూశాడు. కడవ ఆమె కొండలెక్కింది, దిగింది, గంగమ్మ ఎదురైంది. వానపేజీకి ముందు పేజీ దగ్గర ఆగిపోయి, పలకకు దణ్ణం పెట్టి మూసేశాడు. ఇంట్లో చదవకూడదు కదా.

అప్పుడు మొదలైంది పాతపుస్తకం మాట. దేవుడి గూట్లోకి కొత్త పటం వస్తే పాత పటాన్ని పారే నీళ్ళలో వదులుతారు. జీర్ణమైపోయినదాన్ని ఇంట్లో ఉంచుకోరు. పుస్తకానికైనా అంతే కదా అని హనుమంతప్ప అన్నాడు. హనుమంతప్ప ఊరికి పెద్దమనిషి, అలాంటి మాటలు ఆయనే తేల్చాలి. "కథకు రెండు నోళ్ళు ఉండగూడదు శెట్టీ. గంగమ్మ ఏ పుస్తకం ఇనాల? ఆ చిరిగిందాన్ని మర్యాదగా నీళ్ళలో ఇడిసిపెట్టు" అన్నాడు.

వరలక్ష్మమ్మకు ఆ మాట నచ్చలేదు. "ఉండనీలేబ్బా ఆ మూల. అది ఏమన్నా అన్నం అడుగుతాందా?" అంది.

"నీకు తెల్దు, ఊరుకో. కాలినదాన్ని ఇంట్లో పెట్టుకుంటే ఏం శుభం?" అన్నాడు శ్రీరంగప్ప. ఆయన మనసులో ఆ చిల్లి ఇంకా పొగ చిమ్ముతూనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా జనం నవ్వు వినిపించేది. నిజం చెప్పాలంటే పద్ధతి కంటే ఆ అవమానమే ఆయన్ని తొందరపెట్టింది.

ఊరి చెరువులో నీళ్ళెక్కడివి? అడుగున పగుళ్ళు తప్ప. కాస్త దూరంలో కాలవ ఉంది. ఎక్కడో ఉత్తరాన కృష్ణనీళ్ళను మోటార్లతో ఎత్తి పంపిస్తే, ఈ ఊరి పక్కనుంచే పారి, ఇంకెక్కడికో పోతాయి. అక్కడికి పోయి, పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి, పట్టుగుడ్డతో సహా నీళ్ళలోకి వదిలాడు. మునగడానికి చాలాసేపు పట్టింది. కాసేపు నీళ్ళ మీద తేలుతూ పోయింది. శ్రీరంగప్ప గట్టు మీదే దాని పక్కన నడుస్తూ కొంతదూరం పోయాడు. తర్వాత అది కనపడలేదు. మనసు బరువెక్కింది గానీ, పని సవ్యంగా చేశాననే అనుకున్నాడు.

ఆషాఢం వచ్చింది. మబ్బులు వచ్చాయి, ఊరి మీదుగా చూసుకుంటూ పోయాయి. దున్నిన చేలు దున్నినట్టే పడున్నాయి. విత్తనాలకు పురుగు పడుతుందని ఆడవాళ్ళు రోజూ మూటలు విప్పి ఎండబెట్టి, మళ్ళీ కడుతున్నారు. అక్కమ్మ గొర్రెల్ని ముదిగుబ్బ వైపు తోలుకుపోవాలా వద్దా అని మొగుడితో రోజూ కొట్లాడుతోంది. చివరికి ఒకనాడు పొద్దున్నే అందరూ వచ్చి అంగడి ముందు నిలబడ్డారు.

"ఏం శెట్టీ, నీ కొత్తపలకలో వాన ఉండాదా?" అని హనుమంతప్ప పరాచికమాడాడు.

"ఉండకేం సామీ, ఉండాది. చెంబులు కడిగిపెట్టుకోండి" అన్నాడు శ్రీరంగప్ప ధీమాగా.

గుడి ముందు బయలులో పీట వేశారు. ఎండ నెత్తి మాడుస్తోంది. పలకకు ఎక్కడ బొట్టు పెట్టాలో ఊరి పెద్ద ముత్తైదువ అక్కమ్మకు అర్థం కాలేదు. తెర మీద పెడితే అక్షరాలు కనపడవు, నీళ్ళు తగిలితే ఆగిపోతుందని కల్పన ఫోన్లో మరీమరీ చెప్పింది. చివరికి వెనకవైపు నల్లటి వీపు మీద పసుపు పూసి బొట్టు పెట్టారు. మొదటిరోజు ఆయన చదువుతుంటే జనం చెవులప్పగించారు. ఎన్నేళ్ళ తర్వాతో ఆ గొంతు ఎక్కడా తడబడలేదు. పద్యం పద్యంలా నిలబడింది, వచనం పరుగులు తీసింది. ఒకసారి దీర్ఘం తీస్తూ తల పైకెత్తి చాలాసేపు ఉండిపోయేసరికి పలక నిద్రపోయింది. "పుస్తకం కండ్లు మూసుకునిందే!" అని ఎవరో అంటే, శ్రీరంగప్ప దాన్ని తట్టి లేపాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయనకు బాగుంది. రెండోరోజూ అంతే. "నీకు మల్లా పడుచుతనం వచ్చినాదన్నా" అంది అక్కమ్మ.

మూడోరోజు జనం ఇంకా ఎక్కువయ్యారు. పక్క పల్లెల వాళ్ళు కూడా వచ్చారు. ఇర్ఫానా రాలేదు గానీ నబీ రసూల్ వచ్చి వెనక నిలబడ్డాడు. ట్యాంకరు నీళ్ళు ఎంతో కొంత దాచి, ఇంటికో చెంబు తెచ్చుకున్నారు. పాపన్న తప్పెటను మంటకు కాచి సిద్ధంగా పెట్టుకున్నాడు. కథలో కడవ ఆమె గంగమ్మ కాళ్ళు పట్టుకుంది. వినలేదు. ఏడ్చింది. వినలేదు. శ్రీరంగప్ప గొంతు ఆమె గొంతైపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఆమె లేచి నిలబడి ఖాళీ కడవను బోర్లించి, ఆకాశానికి చూపించింది. ‘అంతట ఆ కాపరి గంగను జూచి యిట్లు తిట్టదొడగెను’ అన్న మాటతో పేజీ అయిపోయింది.

శ్రీరంగప్ప ఆగాడు. అక్కమ్మ వచ్చింది. పలక వీపుకు పసుపు పూసింది, బొట్టు పెట్టింది, వేపమండతో కాస్త దూరంగా నేల మీద నీళ్ళు చిలకరించింది. జనం చెంబులు పైకెత్తి పట్టుకున్నారు. పాపన్న పుల్ల ఎత్తాడు.

శ్రీరంగప్ప పేజీ మార్చాడు. తెర ఒక్క క్షణం నల్లబడి తెల్లబడింది. ‘అని అందరును సుఖముగా నుండిరి. మంగళం మహత్’ అని ఉంది.

వేలు గట్టిగా నొక్కి రెండు పేజీలు దాటేశానేమో అనుకున్నాడు. వెనక్కి నొక్కాడు. తిట్టదొడగెను. ముందుకు నొక్కాడు. మంగళం. ఇంకోసారి వెనక్కి, ఇంకోసారి ముందుకు. పైన మూలలో పాత అచ్చు అంకెలున్నాయి. నూట పదమూడు తర్వాత నూట పదహారు. తిట్లు లేవు. గంగమ్మ నవ్వు లేదు. వాన లేదు.

"కానీ అన్నా" అంది అక్కమ్మ మెల్లగా. చేతులు నొప్పెడుతున్నా ఎవరూ చెంబు దించలేదు.

నోటికి చెప్పేద్దామా అనిపించింది. చూడకుండా చదవకూడదు, అయినా ఎవరికి తెలుస్తుంది? పలక వైపు చూస్తూ చెప్తే సరిపోతుంది. గొంతెత్తాడు. "ఓసి రాతిగుండెదానా, నీ కడుపున నీరుండి..." అన్నాడు. తర్వాత? ‘నీ కడుపున నీరుండి మా కడుపున’... ఏమిటది? నిప్పా, బూడిదా? ఇన్నేళ్ళూ ఆ పేజీని జనం కేకల్లో, తప్పెట మోతలో, నెత్తిన నీళ్ళు పడుతుంటే చదివినవాడే తప్ప ఒక్కనాడు స్థిమితంగా కూర్చుని చదివిన పాపాన పోలేదు. కొన్నేళ్ళు వాన సకాలంలో వచ్చి అసలు తెరవనే లేదు. మాట కోసం వెతుక్కుంటూ అలాగే ఉండిపోయాడు. సొంతంగా నాలుగు తిట్లు కట్టి చెప్పడం ఎంత పని? కానీ ఎదురుగా ఆ చెంబులు, ఎండకు వాడిన ఆ మొహాలు చూశాక, వాళ్ళను మోసం చేయడానికి నోరు రాలేదు.

"ఏమైంది శెట్టీ?" హనుమంతప్ప లేచి వచ్చి పలకలోకి తొంగి చూశాడు.

"వానపేజీ లేదప్పా" అన్నాడు శ్రీరంగప్ప.

"లేకపోవడమేంది? యాడికి పోతాది?"

"తెల్దు. దీంట్లో లేదు."

నబీ రసూల్ వెనకనుంచి వచ్చి, గబగబా కూతురికి ఫోన్ కలిపి ఇచ్చాడు. శ్రీరంగప్ప చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ పసుపు పేజీ పక్కదానికి అతుక్కోని ఉన్నింది మామా" అంది ఇర్ఫానా. ఆ పిల్ల గొంతు కూడా బెదిరిపోయింది. "ఇన్నేండ్ల పసుపు, నీళ్ళు కదా, రెండూ ఒకే ఆకు మాదిరి అయిపోయినాయి. గోరు పెట్టి పీకేకి నాకు మనసొప్పలేదు. గట్టిగా లాగాకు అంటిరి, తెరవగూడదు అంటిరి. తెరిస్తే మీకు తప్పేమో అనుకుంటి. పైకి కనపడిందే తీసినా."

శ్రీరంగప్పకు అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి ఏడూ ఆ చోటికి రాగానే తన బొటనవేలు దానంతటదే కదిలేది. అంచు దగ్గర గోరు దూర్చి, ఊపిరి బిగబట్టి, ఆ రెండు ఆకుల్నీ విడదీసేది. నాయన చేతిని చూసి నేర్చుకున్న పని అది. అది ఒక పని అని కూడా ఆయనకు ఎప్పుడూ తోచలేదు. చెప్పాలని ఎట్లా తోస్తుంది?

"ఏమంటాది ఆ పాప?" అని నలుగురు ఒక్కసారిగా అడిగారు. నబీ రసూల్ మొహం పాలిపోయింది.

"ఆ బిడ్డదేం లేదు" అన్నాడు శ్రీరంగప్ప ఫోన్ తిరిగిచ్చేస్తూ. "తెరవొద్దని నేనే చెప్పినా. నేను చెప్పినట్లే చేసినాది."

"పోనీ పాతపుస్తకం తెప్పియ్. ఎవురన్నా ఉరుక్కొని పోయి ఇంట్లోనించి తెస్తారు" అన్నాడు పాపన్న.

"దాన్ని కాలవలో ఇడిసినా."

ఎక్కడినుంచో ఒక కుర్రాడు, కాలవ యాడిదాకా పోతాది, బైకుల మీద పోదామా అన్నాడు. "పోయి ఏం తెస్తావప్పా, నీళ్ళల్లో కాగితం మిగుల్తాదా?" అని వాడి పక్కనున్నవాడే అన్నాడు. నీళ్ళలో ఇడిసిపెట్టమని చెప్పిన హనుమంతప్ప, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అటు తిరిగాడు. వరలక్ష్మమ్మ ఒక్క మాట అనలేదు. ఉండనీలేబ్బా అన్నానే అని ఆమె ఒక్కసారి దెప్పినా శ్రీరంగప్పకు కాస్త ఊపిరాడేది.

"సరే, అయినకాడికి అయింది. మంగళం చదివి ముగించు" అన్నాడు హనుమంతప్ప.

"వాన పడకముందే అందరూ సుఖంగా ఉండిరి అని ఎట్ల చదివేదప్పా?" అన్నాడు శ్రీరంగప్ప. "నాతో కాదు."

ఎత్తిన చెంబుల్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. వానపేజీ చదవకుండా ఆ నీళ్ళు పోయకూడదు. గుడి ముందుకు తెచ్చిన నీళ్ళు తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. ఇలాంటి చిక్కు వస్తుందని ఏ తాతా అనుకోలేదు, అందుకే దీనికి ఏ పద్ధతీ పెట్టలేదు. చాలాసేపు అట్లాగే నిలబడ్డారు. చివరికి చేతులు లాగి, ఒకరి తర్వాత ఒకరు దించారు. కొందరు గుడి మెట్ల మీద పోశారు. ఎక్కువమంది చెంబుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టారు. నీళ్ళు పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి? పక్క పల్లెల వాళ్ళు ముందే జారుకున్నారు. పోతూ పోతూ ఒకరిద్దరు శ్రీరంగప్ప భుజం తట్టారు. తట్టినప్పుడల్లా ఆయన ఇంకాస్త కుంగిపోయాడు. నబీ రసూల్ ఆయన పక్కన పీట అంచున కాసేపు కూర్చుని లేచిపోయాడు.

అక్కమ్మ చివరగా వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె చెంబును చంకన ఇరికించుకుని, జ్వరపడ్డవాణ్ణి పలకరించినట్టు మెల్లగా అడిగింది.

"ఇన్నేండ్లూ వాన రాకుంటే, మనం అడిగినాం, గంగమ్మకే మనసు రాలేదులే అనుకుంటిమి. ఈ యేడు మనం అడగను గూడా లేదే శెట్టన్నా. ఇప్పుడు రాకుంటే ఎవుర్ని అనుకోవాల?"

"నన్ను అనుకోండమ్మా" అన్నాడు శ్రీరంగప్ప.

"నిన్ను అనుకొని మేము ఏం జేసుకోవాలన్నా" అని, గొర్రెలు దప్పికతో అరుస్తున్నాయని అక్కమ్మ వెళ్ళిపోయింది.